హెచ్-ఇండెక్స్ 41, హెచ్-ఇండెక్స్ 13: మొక్కల మాలిక్యులర్ బయాలజీలో ఒకరి పనిని ఎలా చదవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్‌లు సరేనన్నారు. ఇద్దరూ మొక్కల మాలిక్యులర్ బయాలజిస్టులే. మొదటివారికి గూగుల్ స్కాలర్‌లో 118 పేపర్లు, 9,400 సైటేషన్లు (వేరే పేపర్లు వీరి పేపర్లను ఉటంకించిన సార్లు), హెచ్-ఇండెక్స్ 41. మొదటి పేపర్ వచ్చి 27 ఏళ్లయింది. రెండోవారికి 24 పేపర్లు, 690 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 13. మొదటి పేపర్ వచ్చి పదేళ్లు. వరి మీద పనిచేస్తారు. "41 ముందు 13 నిలబడుతుందా? రెండోవారి దగ్గర చేరితే తర్వాత నా కెరీర్ దెబ్బతింటుందా?" అని అడిగారు. మొదటివారి టాప్ ఐదు పేపర్లు ఏమిటో కూడా రాశారు కాబట్టి మనం ఊహల్లోకి వెళ్లనక్కర్లేదు, ఆ అంకెల మీదే మాట్లాడుకోవచ్చు.

ఇరవై ఏళ్లకు పైగా మొక్కల జీన్ల మీదే పనిచేస్తున్నాను. స్టూడెంట్లను తీసుకున్నాను, ఎంపిక కమిటీల్లో కూర్చున్నాను, నా ప్రొఫైల్‌ని కూడా ఇలాగే ఎవరో ఒకరు చూస్తుంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వయసు లెక్క తేల్చేద్దాం. హెచ్-ఇండెక్స్‌ని 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. హెచ్ 41 అంటే కనీసం 41 సార్లు సైట్ అయిన పేపర్లు 41 ఉన్నాయని అర్థం. ఈ అంకె ఎప్పుడూ తగ్గదు. మనిషి పని మానేసినా పాత పేపర్లకు సైటేషన్లు వస్తూనే ఉంటాయి కాబట్టి పెరుగుతూ ఉండొచ్చు. ఈ ఇబ్బంది హిర్ష్‌కి కూడా తెలుసు. అందుకే అదే పేపర్లో, హెచ్‌ని మొదటి పేపర్ నుంచి గడిచిన సంవత్సరాలతో భాగించి చూడమన్నారు. ఇరవై ఏళ్లకు హెచ్ 20 ఉంటే మంచి శాస్త్రవేత్త కిందే లెక్క అని ఆయన అన్నది భౌతిక శాస్త్రం వాళ్లను దృష్టిలో పెట్టుకుని. ఆ గీటురాయిని యథాతథంగా మనకు పెట్టకూడదు గానీ, భాగహారం మాత్రం పనికొస్తుంది. 41ని 27తో భాగిస్తే సుమారు 1.5. 13ని పదితో భాగిస్తే 1.3. మిమ్మల్ని భయపెట్టిన తేడా ఇంతే. మూడు రెట్లు అనుకున్నది నిజానికి దాదాపు పక్కపక్కనే ఉంది.

ఇప్పుడు మొదటివారి టాప్ ఐదు పేపర్లు. మీరు రాసిన ప్రకారం మొదటిది ఒక పంట జీనోమ్ సీక్వెన్స్ (మొత్తం డీఎన్‌ఏ వరుస) పేపర్, 2,100 సైటేషన్లు, వంద మందికి పైగా రచయితలు, వీరి పేరు మధ్యలో ఎక్కడో ఉంది. రెండోది, మూడోది రివ్యూలు, అంటే ఒక అంశం మీద వచ్చిన పనినంతా కలిపి సమీక్షించేవి, 1,150, 640. నాలుగోది ప్రయోగ పద్ధతిని వివరించే ఒక ప్రోటోకాల్ పేపర్, 580. ఐదోది వీరి ల్యాబ్‌లో ఒక జీన్ పనిని తేల్చిన పేపర్, 310.

మొదటి నాలుగూ కలిపితే 4,470. అంటే 9,400లో దాదాపు సగం. ఆ సగంలో వీరి ల్యాబ్ స్వయంగా కనిపెట్టిన జీవశాస్త్రం దాదాపు లేదు. దీన్ని తప్పుగా అర్థం చేసుకోకండి. జీనోమ్ పేపర్ గొప్ప పని. 2000లో అరబిడాప్సిస్ (ప్రయోగాలకు అందరూ వాడే చిన్న మొక్క) జీనోమ్ వచ్చాక మన రంగం మొత్తం మారిపోయింది. మంచి రివ్యూ రాయడానికి కూడా తెలివి, చదువు కావాలి. కానీ ఆ సైటేషన్లు చెప్పేది ఒకటి, మీరు తెలుసుకోవాలనుకుంటున్నది మరొకటి. ఈ మనిషి దగ్గర చేరితే ఒక ప్రశ్నను మొదలు నుంచి చివరి దాకా పట్టుకుని తేల్చడం నేర్చుకుంటానా అన్నది కదా మీకు కావాల్సింది! ఆ సమాధానం ఐదో పేపర్లో ఉంది, దాని కింద ఉన్నవాటిలో ఉంది.

ఒక మాట హెచ్-ఇండెక్స్ తరఫున కూడా చెప్పాలి. ఆ నాలుగు పేపర్లనూ పూర్తిగా తీసేసినా వీరి హెచ్ 37 కంటే కిందికి పోదు. ఎందుకంటే మిగిలిన 37 పేపర్లకూ 41కి తగ్గకుండా సైటేషన్లు ఉన్నాయి. మొత్తం సైటేషన్లు సగమైపోయినా హెచ్ తగ్గేది మహా అయితే నాలుగే. ఒకటి రెండు పెద్ద పేపర్లతో పెంచలేని అంకె అది. కాబట్టి మొదటివారిది ఉత్త గాలి లెక్క కాదు, అంత పని నిజంగానే ఉంది. అయితే ఆ 37లో ఎన్నింటికి వీరు చివరి రచయితో హెచ్ చెప్పదు. మన రంగంలో పేర్ల వరుసకు అర్థం ఉంది. మొదటి పేరు బెంచ్ మీద పని చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపినవారిది, మధ్యవి సాయం చేసినవారివి. గూగుల్ స్కాలర్‌కి ఈ తేడా లేదు. మీరే కూర్చుని ఒక కాగితం మీద లెక్క పెట్టండి. ఆ 37లో చివరి పేరుగా ఉన్న ప్రయోగ పేపర్లు ఎన్ని? అరగంట పని. ఆ అరగంట మీ ఐదేళ్లను కాపాడుతుంది.

సైటేషన్లు ఎక్కడ పోగుపడతాయో అర్థం కావాలంటే మన రంగంలో అందరూ వాడే పేపర్లు చూడండి. 1962లో తోషియో మురషిగె, ఫోల్కె స్కూగ్ పొగాకు కణజాలం పెంచడానికి ఒక మీడియం తయారుచేశారు. ఎంఎస్ మీడియం అని మనం రోజూ కలుపుకునేది అదే. 1987లో డాయిల్ దంపతులు ఆకుల నుంచి డీఎన్‌ఏ తీసే సీటాబ్ పద్ధతిని క్లుప్తంగా రాశారు. 1998లో క్లఫ్, బెంట్ కలిసి అరబిడాప్సిస్ పూలను అగ్రోబాక్టీరియం (మొక్కలోకి జీన్ చేర్చే బ్యాక్టీరియా) ద్రావణంలో ముంచి జీన్ ఎక్కించే ఫ్లోరల్ డిప్‌ని సులభం చేశారు. 2001లో లివాక్, ష్మిట్‌జెన్ ఒక జీన్ ఎంత చురుగ్గా ఉందో కొలిచే క్యూపీసీఆర్ లెక్క కట్టే సూత్రం ఇచ్చారు. ఇవన్నీ వేలకు వేలుగా సైట్ అవుతూనే ఉన్నాయి. ఏ ల్యాబ్‌లో ఏ జీన్ మీద పనిచేసినా మెథడ్స్‌లో ఆ వాక్యం రాయాల్సిందే కదా. పరికరానికి వాడకందార్లు అందరూ ఉంటారు. ఒక జీన్ పనిని తేల్చిన పేపర్‌కి మాత్రం ఆ దారిలో నడిచే పదిహేను ఇరవై ల్యాబ్‌లే ఉంటాయి. అలాంటి పేపర్‌కి 310 వచ్చాయంటే అది చాలా మంచి అంకె. నా సొంత విషయమే తీసుకోండి. నా ప్రొఫైల్లో పైన ఉన్నది ఐదు నెలల్లో రాసిన రివ్యూ. ఆరేళ్లు పట్టిన జీన్ పేపర్ దానికి చాలా కింద ఉంటుంది. నా స్టూడెంట్ ఆ ఆరేళ్లలో ఎన్ని రాత్రులు గ్రోత్ రూమ్‌లో గడిపిందో నాకు తెలుసు. ఆ రెండు అంకెలనూ ఒకే తూకంలో వేస్తే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

ఆరేళ్లు ఎందుకు పడతాయి అంటారా? దీన్ని కొంచెం దగ్గర నుంచి చూపిస్తాను, ఎందుకంటే రెండోవారి 24 పేపర్లను తక్కువ అనే ముందు మీకిది తెలియాలి.

అరబిడాప్సిస్‌నే తీసుకోండి. విత్తనం నుంచి విత్తనానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. పూలు ముంచారు. ఆ మొక్క ఎండాక విత్తనాలు తీసి యాంటీబయాటిక్ ప్లేట్ మీద చల్లితే, వేలల్లో కొన్ని మాత్రమే పచ్చగా నిలబడతాయి. యాంటీబయాటిక్‌ని తట్టుకున్న, జీన్ ఎక్కిన ఆ మొదటి తరమే టీ1. ఒక్కోదాన్నీ విడిగా పెంచి, విడిగా విత్తనం కట్టించి, మళ్లీ ప్లేట్ మీద వేస్తారు. వంద మొలకల్లో సుమారు 75 పచ్చగా ఉండి 25 పాలిపోతే జీన్ ఒకేచోట కూర్చుందని అర్థం. ఆ పచ్చటివాటిని కూడా మళ్లీ విడివిడిగా పెంచాలి. మూడోసారి ప్లేట్ మీద ఒక్క మొలకా పాలిపోకుండా నూటికి నూరూ పచ్చగా వచ్చిన లైన్ దొరికితేనే అది హోమోజైగస్, అంటే జీన్ రెండు కాపీల్లోనూ ఉన్నది. అప్పటికి ఏమీ తప్పు జరగకపోతే ఆరు నెలలు. అసలు ప్రయోగం అప్పుడు మొదలవుతుంది! పేపర్ పంపాక రివ్యూయర్ "మ్యూటెంట్‌లో ఈ జీన్‌ని తిరిగి పెట్టి మొక్క మామూలుగా అవుతుందని చూపించండి" అని ఒక్క లైన్ రాస్తారు. మ్యూటెంట్ అంటే జీన్ చెడిన మొక్క. ఆ లైన్‌కి ఇంకో ఆరు నెలలు. పేపర్లో అది ఒక బొమ్మలో ఒక మూలన వస్తుంది.

వరిలో తరానికి నాలుగు నెలల దాకా పడుతుంది. పైగా పూలు ముంచితే పని అవదు. గింజ నుంచి క్యాలస్ (కణాల ముద్ద) పెంచి, దానికి అగ్రోబాక్టీరియం పట్టించి, సెలెక్షన్ చేసి, మొక్కను మొలిపించాలి. మధ్యలో ఫంగస్ పట్టిందంటే మళ్లీ మొదటికి. పొలంలో గింజ దిగుబడి చూడాలంటే సీజన్ కోసం కాచుకోవాలి. పదేళ్లలో వరి మీద 24 పేపర్లు, అందులో సగం చివరి పేరుతో ఉంటే, ఆ ల్యాబ్ ఖాళీగా కూర్చోలేదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా ఇక్కడే మనకు అన్యాయం చేస్తుంది. ఒక జర్నల్ గత రెండేళ్లలో వేసిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు అది. మీ పేపర్ చదివి ఒక వరి ల్యాబ్ కొత్త పని మొదలుపెడితే, వాళ్ల పేపర్ బయటికి వచ్చేసరికి ఆ రెండేళ్లు ఎప్పుడో దాటిపోతాయి. పైగా సగటు కాబట్టి, అందులో కొద్ది పేపర్లే ఎక్కువ భాగం మోస్తాయి. జర్నల్ అంకెను ఒక్కో మనిషికి అంటించవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కలిసిన ఎడిటర్లు, పబ్లిషర్లు ప్రకటనే చేశారు. డోరా అంటారు దాన్ని. చాలా సంస్థలు సంతకం పెట్టాయి, కమిటీ గదుల్లో ఆచరణ మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు. నేను కూర్చున్న ఒక కమిటీలో, పంట మొక్క మీద పనిచేసిన ఒక అభ్యర్థిని హెచ్ చూసి మొదటి పది నిమిషాల్లోనే పక్కన పెట్టారు. ఆమె పేపర్లు ఎవరూ తెరవలేదు. నేను గట్టిగా అడ్డు చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఇంత పొడుగు సమాధానం రాయడానికి అదీ ఒక కారణం.

ఇక సైటేషన్ అంటే ఒప్పుదల అనుకోవద్దు. మన రంగంలోనే దీనికి స్పష్టమైన ఉదాహరణ ఉంది. ఆక్సిన్ అనే మొక్కల హార్మోన్‌ని పట్టుకునే ఏబీపీ1 అనే ప్రొటీన్ ఉంది. ఆ జీన్ చెడితే అరబిడాప్సిస్ పిండ దశలోనే చనిపోతుందని 2001లో ఒక పేపర్ వచ్చింది. ఆ తర్వాత చాలా ల్యాబ్‌లు దాని మీద ఆధారపడి పని చేశాయి. 2015లో మరో బృందం జీన్‌ని కోరినచోట కత్తిరించే క్రిస్పర్‌తో ఆ జీన్‌ని కొత్తగా చెడగొట్టి చూస్తే మొక్కలు హాయిగా పెరిగాయి. పాత మ్యూటెంట్‌లో పిండం చనిపోవడానికి కారణం పక్కనే ఉన్న వేరే జీన్ కూడా దెబ్బతినడమేనని అదే ఏడాది తేలింది. పాత పేపర్ చేసినవాళ్లు మోసం చేశారని కాదు, వాళ్ల చేతిలో ఉన్న పరికరాలతో అది కనిపించలేదు. కానీ గమనించండి, నమ్మి సైట్ చేసినవాళ్లదీ ఒక సైటేషనే, తప్పని నిరూపిస్తూ సైట్ చేసినవాళ్లదీ ఒక సైటేషనే. ప్రొఫైల్లో రెండూ ఒకే రంగు గీతలో కలిసిపోతాయి.

దీనికి విరుగుడు చాలా మామూలు పని. ఐదో పేపర్ తీసుకోండి, ఆ 310 వచ్చినది. కింద "సైటెడ్ బై" నొక్కండి. అందులోంచి పాతవి కొన్ని, కొత్తవి కొన్ని కలిపి పదిహేను తెరవండి. ప్రతిదానిలో ఈ పేపర్ ఏ వాక్యంలో కనిపిస్తోందో వెతకండి. ఇంట్రడక్షన్లో "కరువును తట్టుకోవడంలో చాలా జీన్లకు పాత్ర ఉంది" అన్న వాక్యం చివర ఎనిమిది పేపర్లతో కలిపి పెట్టారా? అది పలకరింపు లాంటిది. మెథడ్స్‌లో "ఈ విత్తనాలు ఫలానా ల్యాబ్ నుంచి తెచ్చుకున్నాం" అని ఉందా? అది చాలా మంచి గుర్తు. మ్యూటెంట్ అడిగితే ఇచ్చారు, అది వేరే చోట కూడా పనిచేసింది. రిజల్ట్స్ మధ్యలో "వారు చెప్పినట్టుగానే మాకూ ఈ ప్రొటీన్ న్యూక్లియస్‌లోనే కనిపించింది" అని ఉందా? అలాంటి వాక్యం ఒక్కటి నా లెక్కలో యాభై పలకరింపుల పెట్టు. పదిహేనులో మూడు నాలుగు అలాంటివి దొరికితే ఆ ల్యాబ్ పని గట్టిదే. తర్వాత రెండోవారి బాగా సైట్ అయిన పేపర్‌కి కూడా ఇదే చేయండి. అప్పుడు పోల్చండి. ఆ పదిహేనులో సొంత సైటేషన్లు ఎన్నో కూడా అక్కడే తెలిసిపోతుంది. కొన్ని ఉండటం సహజం, తన పాత పని మీదే కదా ఎవరైనా కట్టేది. సగం సొంతవే అయితే ఆలోచించాలి.

సైటేషన్లలో అసలు కనిపించని ప్రభావం ఒకటి ఉంది. 2006లో వరిలో సబ్1ఏ జీన్ గురించిన పేపర్ వచ్చింది. ఎఫ్ఆర్13ఏ అనే పాత వరి రకం నీట మునిగినా దాదాపు రెండు వారాలు బతికే గుణం ఈ జీన్ వల్లే వస్తుంది. ఆ భాగాన్ని మార్కర్ల (డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో బాగా పండే రకాల్లోకి తెచ్చారు. స్వర్ణ-సబ్1 అలా వచ్చి 2009లో భారత్‌లో విడుదలైంది. ఆ పేపర్‌కి సైటేషన్లు బాగానే వచ్చాయి. కానీ ఒక బ్రీడర్ ఆ జీన్‌ని తన రకంలోకి ఎక్కించుకుని రకం విడుదల చేస్తే అది ఏ ప్రొఫైల్లోనూ పడదు. వరద తగ్గాక తిరిగి లేచిన చేనుకి సైటేషన్ ఉండదు. అలాగే స్టాక్ సెంటర్లలో పెట్టిన మ్యూటెంట్ విత్తనాలు, ప్లాస్మిడ్లను పంచే సంస్థ అయిన యాడ్‌జీన్‌లో పెట్టిన ప్లాస్మిడ్లు (జీన్లను మోసే డీఎన్‌ఏ వలయాలు), అందరికీ తెరిచి పెట్టిన సీక్వెన్స్ డేటా. ఇద్దరి పేపర్లలోనూ ఆ వివరాలు ఉన్నాయో లేదో చూడండి. పంచుకునే ల్యాబ్‌లో తాము చేసినదాని మీద నమ్మకం ఉంటుంది.

కాలం సంగతి కూడా మరిచిపోకూడదు. 1990లో పెటూనియా పూలకు ఊదా రంగు పెంచుదామని రంగు జీన్‌ని అదనంగా పెడితే పూలు తెల్లబడ్డాయి. ఎందుకో అప్పటికి అర్థం కాలేదు. ఆర్ఎన్ఏ జీన్లను ఎలా నోరు మూయిస్తుందో 1998లో పురుగుల్లో తేలాక ఆ తెల్లపూల విలువ అందరికీ తెలిసింది. ఆ పురుగుల పనికి 2006లో నోబెల్ వచ్చింది. మొక్కజొన్నలో జంపింగ్ జీన్లను చూసిన బార్బరా మెక్‌క్లింటాక్ ఆ పనిని 1950లోనే ప్రచురించారు, నోబెల్ వచ్చింది 1983లో. మీ రెండో గైడ్ మెక్‌క్లింటాక్ అవుతారని నేను అనడం లేదు. మూడేళ్ల క్రితం వచ్చిన పేపర్‌ని ఇవాళ్టి అంకెతో తేల్చేయకండి అంటున్నాను.

గూగుల్ స్కాలర్ గురించి రెండు ముక్కలు. అది థీసిస్‌లు, ప్రీప్రింట్లు (సమీక్షకు ముందే బయట పెట్టిన పేపర్లు) కూడా లెక్కేస్తుంది కాబట్టి స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే సైటేషన్ డేటాబేస్‌ల కంటే అంకె ఎక్కువగా చూపిస్తుంది. ఇద్దరినీ ఒకేచోట చూడండి, ఒకరిని ఇక్కడ ఒకరిని అక్కడ చూడొద్దు. ఒకే ఇంటిపేరు, ఒకే ఇనీషియల్ ఉన్న వేరేవారి పేపర్లు కూడా ప్రొఫైల్లోకి వచ్చి చేరుతుంటాయి. మొక్కల మనిషి ప్రొఫైల్లో హఠాత్తుగా గుండె ఆపరేషన్ పేపర్ కనిపిస్తే అది ఆ పొరపాటే. ఆర్కిడ్ ఐడీ (ఒక్కో పరిశోధకుడికి ఉండే ప్రత్యేక నంబరు) ఉంటే దానితో సరిచూసుకోండి.

ఇక మీ అసలు టెన్షన్, కెరీర్. పోస్ట్‌డాక్‌కి (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగానికి) మీరు అప్లై చేసినప్పుడు అవతలివాళ్లు చూసేది మీ మొదటి పేరు ఉన్న పేపర్‌ని, మీ గైడ్ హెచ్‌ని కాదు. గైడ్ పేరు తలుపు దగ్గరికి తీసుకెళ్తుంది, నిజమే, 41 ఉన్నవారి ఉత్తరానికి బరువు ఉంటుంది. అది కొట్టిపారేయలేం. కానీ 118 పేపర్ల ల్యాబ్‌లో స్టూడెంట్ల పేర్లు ఎక్కడున్నాయో చూశారా? గత ఎనిమిదేళ్లలో అక్కడ పీహెచ్‌డీ చేసినవాళ్ల పేర్లు రాసుకోండి. ఒక్కొక్కరికీ మొదటి పేరుతో ప్రయోగ పేపర్ వచ్చిందా, చేరిన ఎన్నో ఏట వచ్చింది, ఇప్పుడు ఎక్కడున్నారు? మొదటి పేర్లన్నీ పోస్ట్‌డాక్‌లవే అయి, స్టూడెంట్లు వరుసగా నాలుగో పేరులోనే ఉంటే, ఆ 41 మీకు అంతగా కలిసిరాదు. రెండోవారి దగ్గర ముగ్గురు స్టూడెంట్లు బయటికొచ్చి ముగ్గురికీ మొదటి పేరు పేపర్ ఉంటే, నేనైతే అటే మొగ్గుతాను. వాళ్లలో ఒక్కరికైనా ఫోన్ చేసి మాట్లాడండి. "గైడ్ మంచివారేనా" అని అడిగితే అందరూ మంచివారనే అంటారు. "మీ ప్రయోగం ఫెయిలైనప్పుడు ఆయన ఏం చేశారు" అని అడగండి.

గైడ్‌ని కలిసినప్పుడు కూడా ఇండెక్స్‌ల మాట ఎత్తకండి. వారి పేపర్లలో మీకు నచ్చినది ఒకటి ముందే చదివి వెళ్లి, అందులోని ఒక బొమ్మ చూపించి "ఈ లైన్లు ఎన్ని స్వతంత్ర ట్రాన్స్‌ఫార్మెంట్లలో (విడిగా జీన్ ఎక్కించిన మొక్కల్లో) చూశారు, అన్నింటిలో ఇలాగే వచ్చిందా?" అని అడగండి. ఒకరు నోట్‌బుక్ తెప్పించి, రాని లైన్లు కూడా చూపిస్తూ గంటసేపు కూర్చోబెట్టొచ్చు. ఇంకొకరు "అదంతా నా పోస్ట్‌డాక్‌కి తెలుసు" అనొచ్చు. ఇద్దరిలో ఎవరు ఏం చేశారో ఇక్కడ రాయండి, ఆ పదిహేను సైటేషన్లలో ఏం కనిపించిందో కూడా. రెండూ కలిపి చూసి నాకు తోచింది చెబుతాను.